డబ్బా మీద వంద గ్రాముల లెక్క, నోట్లో పడేది చెంచాడు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కల్వకుర్తి దగ్గర ఊరు. మొన్న హైదరాబాద్ పోయినప్పుడు మా దోస్తు చెప్తే తేనెటీగల పుప్పొడి డబ్బా కొన్నా, పావుకిలో 750 రూపాయలు. మాంసం కన్నా ఎక్కువ ప్రోటీన్, ఐరన్, అన్ని విటమిన్లు ఉంటయంట. మా ఆవిడకు రక్తం 9.4 ఉందన్నరు. పత్తి చేనుకు పోయొస్తే ఆయాసం, వానాకాలం అయిపోయే టైముకు ఒకటే తుమ్ములు, ముక్కు కారుడు. మా నాయనకు గుండె వాల్వు మార్చి మూడేండ్లయింది, రక్తం పల్చబడే గోలీ వాడుతుండు. బాబుకు ఏడేండ్లు, ఈడుకు తగ్గ ఎత్తు లేడు. ముగ్గురికీ రోజుకో చెంచా ఇద్దామనుకుంటున్నా. డబ్బా ఇంకా విప్పలే. ఎట్ల వాడాలె?

జవాబు: తమ్ముడూ, మూత తీయకముందే అడిగావు, మంచి పని చేశావు. ముందు గబగబా జవాబు చెప్పేస్తా, మిగతాది తీరిగ్గా చదువుకో. మీ నాయనకు వద్దే వద్దు. మీ ఆవిడకూ వద్దు, ఆమె సంగతే ఎక్కువ రాయాల్సి ఉంది. బాబుకు అవసరం లేదు. మిగిలింది నువ్వు. నీ సంగతి చివర్లో చూద్దాం, 750 పెట్టి కొన్నావు కాబట్టి పారెయ్యమని అనను.

అసలు ఆ డబ్బాలో ఉన్నదేంటో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. బతుకమ్మ పేర్చేటప్పుడు గుమ్మడి పువ్వు పట్టుకుంటే వేళ్లకు పసుపుపచ్చగా అంటుకుంటుంది చూడు, అదే పుప్పొడి. తేనెటీగ పువ్వు మీద దొర్లి, ఒంటికి అంటిన పొడిని కాళ్లతో దువ్వుకుని, కాస్త తేనె, నోటి తడి కలిపి ముద్ద చేసి, వెనక కాళ్ల మీద చెరో ఉండ పెట్టుకుని గూటికి మోసుకుపోతుంది. చాలామంది దీన్ని ఎండబెట్టిన తేనె అనుకుంటారు, కాదు. ఈగలకు తేనె అన్నం అయితే ఇది పప్పు. పిల్ల పురుగులు పెరిగేది దీని బలంతోనే.

మా అన్నవాళ్లది గుర్రంపోడు దిక్కు బత్తాయి తోట. సంక్రాంతి పోయి పూత పట్టాక ఒకాయన తేనె పెట్టెలు తెచ్చి పెడతాడు. ఒక ఏడు ఆయన పెట్టె వాకిలికి జల్లెడలాంటి పలక బిగించాడు. దాని బొక్కలు అయిదు మిల్లీమీటర్లు కూడా ఉండవు, ఈగ ఎలాగో ఒళ్లు ముడుచుకుని దూరుతుంది గానీ కాళ్ల మీది ఉండలు ఊడి కింద సొరుగులో పడతాయి. సాయంత్రం ఆ సొరుగు లాగితే ఆవాల కన్నా కొంచెం పెద్ద గుళికలు, కొన్ని ముదురు పసుపు, కొన్ని నారింజ, కొన్ని మట్టిరంగు, అక్కడక్కడా లేత ఆకుపచ్చ. తేనెటీగ ఒక్కో తిరుగుడులో దాదాపు ఒకే జాతి పువ్వు మీద వాలుతుంది, అందుకే ఒక్కో గుళిక ఒక్కో రంగు. నేను రెండు నోట్లో వేసుకున్నా. ముందు కాస్త తీపి, వెనకే పచ్చిగడ్డి వాసన, ఆఖర్న నాలుక మీద చిన్న చేదు. నాలుగు రోజులు కాగానే ఆయన పలక తీసేశాడు. అదేంటన్నా అంటే, "రోజూ గుంజుకుంటే అవి పిల్లలకేం పెడతయమ్మా" అన్నాడు.

ఒక్కో గుళిక తూకం ఏడెనిమిది మిల్లీగ్రాములు. టీ చెంచాడు అంటే అయిదు గ్రాములు, అంటే ఆరు వందల పైచిలుకు గుళికలు. ఒక తిరుగుడుకు రెండు గుళికలు కాబట్టి నువ్వు ఒక్కొక్కరికి పొయ్యాలనుకున్న చెంచా వెనక ఈగలు తోటకు మూడొందల సార్లకు పైగా తిరిగిన కష్టం ఉంది. ఖరీదు ఎందుకంత అంటే అందుకే, మోసమేమీ కాదు. మోసం ఉంటే గింటే దాని చుట్టూ చెప్పే మాటల్లో ఉంటుంది.

ఇప్పుడు బలం సంగతి. మీ దోస్తు చెప్పింది అబద్ధం కాదు, కానీ సగం. వంద గ్రాముల ఎండు పుప్పొడిలో ప్రోటీన్ సుమారు 20 గ్రాములు ఉంటుంది, పువ్వును బట్టి అంతకు సగమూ ఉండొచ్చు, ఇంకా ఎక్కువా ఉండొచ్చు. మన ఒంటికి బయటి నుంచే రావాల్సిన అమైనో ఆమ్లాలు అన్నీ ఉంటాయి. సగానికి అటూ ఇటూగా చక్కెరలు, పిండిపదార్థాలు, కొద్దిగా కొవ్వు, పొటాషియం, మెగ్నీషియం, జింక్, ఐరన్, బి విటమిన్లు, రంగునిచ్చే కెరోటిన్లు, క్వెర్సెటిన్, రుటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు. జాబితా చదివితే కళ్లు తిరుగుతాయి. మాంసం కన్నా ఎక్కువ ప్రోటీన్ అనే మాటలో ఒక చిన్న గారడీ కూడా ఉంది. ఎండబెట్టిన దాన్ని పచ్చి దానితో పోలుస్తారు. గుడ్డులో ముప్పాతిక భాగం నీళ్లే, ఆ నీళ్లు తీసేసి పోల్చమను చూద్దాం, ఎవరూ పోల్చరు.

కానీ ఇంతకన్నా పెద్ద పితలాటకం వేరే ఉంది. డబ్బా మీద రాసే లెక్కంతా వంద గ్రాములకు. నువ్వు తినేది అయిదు గ్రాములు. చెంచాలో ఉండే ప్రోటీన్ ఒక్క గ్రాము, అంతే. దానికి నీకు పడే ఖర్చు 15 రూపాయలు. పిడికెడు పల్లీలు, అంటే ముప్పై గ్రాములు తింటే ఏడు గ్రాముల ప్రోటీన్ వస్తుంది, ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటుంది, రెండింటిలో ఏదీ 15 రూపాయలు కాదు. పైగా పుప్పొడి రేణువు మీద ఒక పెంకు ఉంటుంది, స్పోరోపొల్లెనిన్ అంటారు, అది ఎంత గట్టిదంటే వేల ఏళ్ల నాటి చెరువు అడుగు మట్టిలో కూడా పుప్పొడి చెక్కు చెదరకుండా దొరుకుతుంది. అలాంటిది మన కడుపులో సులువుగా పగులుతుందా? ఈగలు కూడా చాలావరకు దాన్ని పెరలో కుక్కి, తేనె పూసి, దాచుకునే తింటాయి. కాబట్టి డబ్బా మీద రాసిందంతా ఒంటికి పడుతుందని కూడా అనుకోకు.

ఇక మీ ఆవిడ. హిమోగ్లోబిన్ 9.4 అంటే చిన్న లోటు కాదు తమ్ముడూ. గర్భిణి కాని ఆడవాళ్లకు 12 ఉండాలి. ఆయాసం పని వల్లే అనుకోకు, రక్తం తక్కువైనా వస్తుంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆమె వయసు ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. పుప్పొడిలో ఐరన్ బాగా ఉన్న రకమే అనుకుందాం, వంద గ్రాములకు 15 మిల్లీగ్రాములు అనుకో, చెంచాకు వచ్చేది ముప్పావు మిల్లీగ్రాము. సర్కారు దవాఖానలో ఉత్తగా ఇచ్చే ఐరన్ గోలీ ఒక్కదాంట్లో 60 మిల్లీగ్రాములుంటుంది. ఆ ఒక్క గోలీతో సమానం కావాలంటే ఎనభై చెంచాలు, అంటే నీ డబ్బాలాంటివి ఒకటిన్నర పైనే ఖాళీ చెయ్యాలి! రక్తం తక్కువున్న ఎలుకలకు పుప్పొడి పెడితే పెరిగిందని ఒక పరిశోధన ఉంది, దాన్నే వీడియోల్లో చెప్తుంటారు. ఎలుకకు పెట్టిన మేత లెక్క వేరు, మనిషికి పెట్టే చెంచా లెక్క వేరు.

అది సరే, పనిచెయ్యకపోతే పోనీ, ఓ చెంచా తింటే నష్టమేముంది అంటావేమో. నష్టం ఉంది. నీ ఉత్తరంలో నువ్వు మాటవరసకు రాసేసిన ఒక్క మాట, వానాకాలం చివర్లో తుమ్ములు, ముక్కు కారడం, నాకు అక్కడే కన్ను ఆగింది. పత్తి చేన్ల గట్ల మీద ఆ టైముకు ఏం పూస్తుంది? వయ్యారిభామ, కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. తెల్లని చిన్న పూల ఆ కలుపు మొక్క పుప్పొడి ముక్కులోకి పోతే చాలామందికి తుమ్ములు, ఆయాసం, ఒంటి మీద దురద వస్తాయి. ఆమె ఆయాసంలో రక్తం వాటా ఎంత, దీని వాటా ఎంత అన్నది కూడా డాక్టర్ తేల్చాలి. వయ్యారిభామ, పొద్దుతిరుగుడు, బంతి, చామంతి అన్నీ ఒకే కుటుంబం. ఒకదాని పుప్పొడి పడనివాళ్లకు దాని చుట్టాల పుప్పొడి కూడా పడకపోవచ్చు. ఈగలు ఏ పువ్వు మీద వాలాయో డబ్బా మీద ఉండదు, ఉన్నా ఒకటో రెండో పేర్లే ఉంటాయి. ముక్కులోకి గాలితో వచ్చే నాలుగు రేణువులకే తట్టుకోలేని మనిషి నోట్లో చెంచాడు పుప్పొడి పోస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

పోయించింది నేనే. అన్నవాళ్ల తోట నుంచి తెచ్చుకున్న గుళికలు గిన్నెలో ఉంటే, మా ఆడబిడ్డ వచ్చి ఏంటి వదినా ఇది అంది. బలం, తిను అన్నా. చదువుకున్నదాన్ని, ఆహారం గురించే నలుగురికి చెప్పేదాన్ని, ఆమెకు చలికాలం పడిశం ఆగదని తెలిసినదాన్ని, ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చెంచా నిండా వేసుకుని నమిలింది. పది నిమిషాలు కూడా కాలేదు, పెదవులు దురద అంది, చూస్తుండగానే కింది పెదవి ఉబ్బింది, మెడ మీద దద్దుర్లు, గొంతు పట్టేసినట్టుంది వదినా అంటూ కూర్చుండిపోయింది. దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోతే కౌంటర్ దగ్గర ముందు చీటీ రాయించుకోండి అన్నారు, నేను అరిచాకే డాక్టర్ లోపలి నుంచి వచ్చి తొడకు అడ్రినలిన్ ఇంజక్షన్ ఇచ్చాడు. గంటలో తేరుకుంది. ఆ ఇంజక్షన్ పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోను. పుప్పొడి తిన్న మొదటిసారే ఇలా అయిన కేసులు వైద్య పత్రికల్లో చాలానే ఉన్నాయి. రోజూ కొంచెం కొంచెం తింటే ఎలర్జీ అలవాటై పోతుందని కొందరు చెప్తారు, నమ్మకు. అలా అలవాటు చేసే వైద్యం ఉంది, కానీ దానికి ఏది పడదో తేల్చుకుని, కొలిచిన మోతాదులతో, డాక్టర్ కళ్లముందు చేస్తారు. చెంచాతో కాదు.

మరి ఆమెకు ఏం చెయ్యాలంటే, ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి, ఆశా కార్యకర్తను అడిగినా దారి చెప్తుంది. రక్తం ఎందుకు తగ్గిందో అడగాలి. బహిష్టు ఎక్కువ పోతోందా? సిగ్గుపడి చెప్పదు, నువ్వే పక్కన కూర్చుని అడుగు. చేన్లో చెప్పుల్లేకుండా తిరుగుతుందా, అలాగైతే కొంకి పురుగులు ఉండొచ్చు, అవి పేగుల్లో కూర్చుని రక్తం తాగుతాయి, నులిపురుగుల గోలీతో పోతాయి. బి12 తక్కువైనా రక్తం తగ్గుతుంది, దానికీ పుప్పొడి పనికిరాదు. డాక్టర్ ఐరన్ గోలీలు ఇస్తే, టీతో గానీ పాలతో గానీ వేసుకోనివ్వకు, నిమ్మరసం కలిపిన నీళ్లతో అయితే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తుంది, భయపడి ఆపేస్తారు చాలామంది, అది మామూలే. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోమను. రక్తం 12 కు చేరగానే మానెయ్యొద్దు, ఒంట్లో నిల్వ నిండాలి, ఎన్ని నెలలో డాక్టర్ చెప్తాడు.

తిండిలో కొత్తగా కొనాల్సినవి ఏమీ లేవు. సజ్జ రొట్టె, పుంటికూర పప్పు, మునగాకు, బొబ్బర్ల గుగ్గిళ్లు, నువ్వుల లడ్డు, మాంసం తినేవాళ్లయితే వారానికి ఒకటి రెండుసార్లు కార్జం. పక్కన నిమ్మకాయ ముక్కో, జామకాయో, మన బత్తాయో ఉంటే ఐరన్ ఇంకా బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే ఒక గంట జరపండి. పుప్పొడికి పెట్టే డబ్బులు వీటి మీద పెడితే మేలు.

ఆగు, ఇక్కడే మీ నాయన సంగతి వస్తుంది. ఆకుకూరలు ఆమె కోసం ఎక్కువ చేస్తారు, వండేది ఒకటే గిన్నె, అందరూ తింటారు. వాల్వు మార్చినవాళ్లు వాడే వార్ఫరిన్, అసినోకౌమరాల్ లాంటి గోలీలకు విటమిన్ కె తో పడదు, అది ఆకుకూరల్లో దండిగా ఉంటుంది. ఆయన ఉన్నట్టుండి రోజూ మునగాకు తింటే గోలీ పని తగ్గి, వాల్వు దగ్గర రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆకుకూర మానాల్సిన పని లేదు, ఇప్పటిదాకా వారానికి ఎంత తింటున్నాడో అంతే తినాలి, పెంచొద్దు, తగ్గించొద్దు. మీ ఆవిడ కూర వేరే గిన్నెలో తీసిపెట్టండి. పుప్పొడి దీనికి సరిగ్గా ఉల్టా, గోలీ పనిని మరీ పెంచేయొచ్చు. వార్ఫరిన్ వాడుతున్న ఒక పెద్దాయన పుప్పొడి మొదలుపెట్టాక ఐ.ఎన్.ఆర్., అంటే రక్తం ఎంత పల్చబడిందో చెప్పే నంబరు, 7 దాటిన కేసు 2010 లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. వాల్వు ఉన్నవాళ్లకు అది మామూలుగా 2 కు, 3.5 కు మధ్య ఉండేలా చూస్తారు, నీకు తెలిసే ఉంటుంది, నెలనెలా రక్తం తీయిస్తున్నారు కదా. 7 అంటే చిన్న దెబ్బ తగిలినా, అది లోపలైనా సరే, రక్తం ఓ పట్టాన ఆగదు. ఒక్క కేసే కదా అనిపించొచ్చు. గుండెలో వాల్వు పెట్టుకున్న మనిషి మీద రెండో కేసు మనం చెయ్యక్కర్లేదు. డబ్బా ఆయనకు అందని చోట పెట్టు, పెద్దవాళ్లు బలం అనే మాట వింటే ఊరుకోరు.

బాబు సంగతి చిన్నది. ఎత్తుకూ పుప్పొడికీ సంబంధం లేదు. ఎత్తు పెంచుతామని, షుగర్, బీపీ తగ్గిస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది, అయినా ఫోన్ తెరిస్తే అవే. తల్లికి ఎలర్జీ ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ, ఆ రిస్కు వాడికెందుకు. రోజూ ఓ గుడ్డు, పప్పు, పాలో పెరుగో పెట్టి, ఆరు నెలలకోసారి గోడ మీద గీత గీసి కొలవండి. గీత జరగకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. మీ ఇద్దరూ ఎంత ఎత్తున్నారో కూడా ఒకసారి గుర్తు చేసుకో!

ఇప్పుడు నువ్వు. నీకు ఆయాసం, తుమ్ములు, దురదలు, ఏ ఎలర్జీ లేకపోతే, రోజూ వేసుకునే గోలీలు ఏవీ లేకపోతే, తిని చూడు. మందులా కాదు, ఇష్టంగా. 1970 ల్లోనే పరుగు పందాల కుర్రాళ్లకు ఇచ్చి చూశారు, ఆటలో తేడా ఏమీ కనపడలేదు, కాబట్టి గుర్రంలా పరుగెత్తుతానని అనుకోకు. మంచి గుణాల గురించి చెప్పేవాటిలో ఎక్కువ భాగం గాజు గొట్టాల్లో, ఎలుకల్లో చూసినవే. మొదటి రోజు ఒక్క గుళిక, నాలుక మీద పెట్టి, ఇంట్లో మనుషులు ఉన్నప్పుడు. రెండో రోజు రెండు. ఇలా వారం పట్టినా పర్వాలేదు. ఇలా మెల్లగా పోయినంత మాత్రాన ఏమీ కాదని గ్యారంటీ కూడా లేదు, పెదవులు దురద పెట్టినా, గొంతు పట్టినట్టున్నా ఆగకుండా 108 కు ఫోన్ చెయ్యండి. పడితే రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానేసి పొద్దున తాగు, గుళికలు కాస్త మెత్తబడతాయి. మరిగే పాలలో వెయ్యకు.

డబ్బా విప్పగానే ముందు వాసన చూడు. ఎండుగడ్డిలా, పువ్వులా ఉండాలి. ముక్కిన వాసన, గుళికలు ఒకదానికొకటి అంటుకుని ఉండటం, బూజు కనపడితే తినొద్దు. పచ్చి పుప్పొడిలో నీరు వందకు 20, 30 పాళ్లు ఉంటుంది, సరిగా ఆరబెట్టకపోతే బూజు పట్టక తప్పదు. డబ్బా మీద ఆహార లైసెన్సు నంబరు పద్నాలుగు అంకెలు ఉందా, ఎప్పుడు ప్యాక్ చేశారు, ఏ ఊళ్లో తీశారు చూడు. ఏ ఊరో అన్నది ఊరికే అనడం లేదు. మన దిక్కు పత్తికి కొట్టే మందులు పువ్వులోకి, అక్కడి నుంచి పుప్పొడిలోకి వస్తాయి, తేనెలోకంటే ఇందులోకే ఎక్కువ. మందులు కొట్టే చేన్ల మధ్య తీసిందా, అడవి పక్కన తీసిందా చెప్పని డబ్బా ఇంకోసారి కొనకు. ఇంట్లో ఫ్రిజ్‌లో, వెలుతురు పడకుండా గట్టి మూత పెట్టి ఉంచు.

ఆమెకు రక్తపరీక్ష చేయించినప్పుడు కాగితంలో ఎం.సి.వి. అని, ఎర్ర రక్తకణాల సైజు చెప్పే ఒక నంబరు ఉంటుంది, దాన్నీ, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయిస్తే దాన్నీ నాకు రాసి పంపు. ఐరన్ లోటా, బి12 లోటా అన్నది అక్కడ కొంత తెలుస్తుంది. ఈ లోపు పత్తి తీతకు పోయేటప్పుడు మూతికి, ముక్కుకు కొంగు కాదు, మాస్కు కట్టుకోమను.